నల్లరాయి లోపలి చిలుక

మన తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలంలో శిలావరాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పొరుగురాజు కూతురు హేమలేఖను కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోతే, విడిపిస్తామని ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు ఏడు సముద్రాలు దాటి వెళ్లారు. మొదటి ఇద్దరూ తిరిగి రాలేదు.

చివరివాడు నీలవర్మ. మాంత్రికుడి దీవి ఒడ్డున వెల్లకిలా పడి కొట్టుకుంటున్న ఎండ్రకాయను తిప్పి వదిలి, తలెత్తి చూసి కొయ్యబారిపోయాడు. అన్నలిద్దరూ గదలెత్తిన చేతులతో రాతిబొమ్మలై ఉన్నారు. వాళ్ల ముందు ఎర్ర ఇసుకరాయి, తెల్ల సున్నపురాయి పగిలి పడున్నాయి. ఏనుగంత నల్లరాయి మాత్రం చెక్కుచెదరలేదు.

"మెత్తటి రాళ్లు ఎంచుకుని చెడ్డారు మీవాళ్లు. నా ప్రాణం చిలుకలో ఉంది, చిలుక ఈ నల్లరాయిలో ఉంది," అన్నాడు కరాళుడు. దాచుకోవాల్సిన మాట దాచుకుంటే వాడు మాంత్రికుడెందుకవుతాడు? "ఒక్కటే దెబ్బ. పగిలితే పిల్ల నీది. పగలకపోతే నువ్వూ బొమ్మవే."

నీలవర్మ గోరుతో గీకాడు, గీత పడలేదు. కత్తిపిడితో తట్టాడు, కంచుగంటలా ఖంగుమంది. చేసేదేముందని గద ఎత్తబోయాడు.

"ఆగు బాబూ," అంది ఎండ్రకాయ. "పొడిగా ఉన్నప్పుడు చూశావు, తడిపి చూశావా? నీటి అంచున ఇదే రకం రాయిని నేను కాళ్లతో తవ్వి ఇల్లు కట్టుకున్నాను."

నమ్మకం లేకపోయినా నీలవర్మ డాలుతో నీళ్లు తెచ్చి పోశాడు. ఏమీ కాలేదు. రెండోసారి పోశాడు. లోపల చిటపటమంది. మూడోసారి పోశాడు. రాయి పొరలు పొరలుగా ఊడి, చూస్తుండగానే బురదై కూలిపోయింది. అందులోంచి పచ్చటి చిలుక తల బయటికొచ్చింది.

గదతో కొట్టి ఉంటే ఈపాటికి నీలవర్మ మూడో బొమ్మ.

"మోసం. నువ్వు దెబ్బ కొట్టలేదు," అన్నాడు కరాళుడు.

"ఆ దెబ్బ ఇంకా నా దగ్గరే ఉంది," అని నీలవర్మ చిలుక మెడ విరిచాడు. మాంత్రికుడు కుప్పకూలాడు. అన్నలు కదిలారు. పెద్దన్న బురదను వేలితో తాకి, "ఇదా ఆ రాయి?" అని తెల్లబోయాడు.

హేమలేఖను పెళ్లాడి నీలవర్మ అరవై ఏళ్లు చల్లగా ఏలాడు. కోటకైనా బావికైనా, రాయిని మూడు రోజులు తొట్టిలో నానబెట్టి చూడందే పని మొదలెట్టనిచ్చేవాడు కాదు. ఖంగుమన్న రాయి బురదైపోయినప్పుడల్లా ముసలి రాజు నోరు తెరిచి అలాగే ఉండిపోయేవాడు. హేమలేఖే వచ్చి గడ్డం పట్టుకుని మూసేది.