సింహాసనం వెనక సోడా

గోడ మీది పోస్టరు చింపి, చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, ఎస్తేరు నేరుగా పీరుసాహెబు మాస్టారి దగ్గరికి వచ్చింది.

మాస్టారు చీరాలలో ఒక పాత పొగాకు గోడౌనులో పద్యనాటకం నేర్పేవారు. పొగాకు ఎత్తేసి ఏళ్ళయినా ఘాటు మాత్రం గోడల్ని వదల్లేదు. కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో పద్యం కంటే తుమ్ములే ఎక్కువ నేర్చుకుంటారు. ఎస్తేరూ తుమ్మింది. తుమ్ములు ఆగి రెండేళ్ళయింది.

ఆమెది ఒంగోలు. చర్చిలో పాడుతూ పెరిగిన పిల్ల. పొడుగూ ముఖమూ చూసి ఎవరో బొంబాయి తీసుకుపోయి మోడల్ని చేశారు. చాలా ఏళ్ళు ఎవరెవరివో బట్టలు కట్టుకుని, దీపాల మధ్య నడిచి, చివరిదాకా వెళ్ళి, ఆగి, తిరిగి వచ్చింది. ఒక నగల కొట్టు హోర్డింగు మీద ఆమె ముఖం చీరాల గడియారస్తంభం దగ్గర ఇంకా వెలుస్తూనే ఉంది. నన్ను చూసింది చాలు, ఇక వినండి అనుకుని ఆ పని వదిలేసి వచ్చి, మాస్టారి హార్మోనియం ముందు కింద కూర్చుంది.

ఇప్పుడు ఆ పోస్టరు మాస్టారి ముందు పరిచింది.

ముఖం మంచమంత ఉంది. నాటకం పేరు చిన్నది. మాస్టారి పేరు అంతకంటే చిన్నది. ముఖం కింద ‘ప్రత్యేక ఆకర్షణ’ అని ఎర్ర అక్షరాలు.

"నేనేమన్నా తిరునాళ్ళలో రంగులరాట్నాన్నా మాస్టారూ?"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "ఫొటో బాగా తీశాడు," అన్నారు.

ఆమెకి ఒళ్ళు మండింది. ఇంకేదో అనబోతుంటే, పోస్టరు వేయించినవాడే లోపలికి వచ్చాడు. కళాసమితి కార్యదర్శి రంగనాయకులు. స్టేజీ ఆయనది, మైకులు ఆయనవి, ఊళ్ళో నాటకం ఆడాలంటే ఆయన తల ఊగాలి.

"పోస్టరు చూశారా? ఊరంతా మన గురించే!" అన్నాడు. "మాస్టారూ, ఒక్క చిన్న మాట. అమ్మాయి పద్యం ఉంది చూశారూ, అది విజయవాడలో ఒకావిడ చేత పాడించి రికార్డు చేయించాను. వేణువు, వయొలిన్లు, అన్నీ పెట్టించాను. ఈ అమ్మాయి పెదాలు కదిపితే చాలు."

"నాకు పాడటం వచ్చండీ," అంది ఎస్తేరు.

"రాదన్నానా తల్లీ? జనం వచ్చేది నిన్ను చూడటానికి. చూపించు. పాడే పని పాడేవాళ్ళకి వదిలెయ్."

మూలన కూర్చుని కిరీటానికి అట్ట అంటిస్తున్న కోటిలింగం పకపకా నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా రాజు వేషాలు వేస్తున్నవాడు ఆయన. "హోర్డింగులు మాట్లాడితే ట్రాఫిక్కు ఆగిపోదూ, మేడమ్?"

ముఖం బాగున్న మనిషికి గొంతు ఉండకూడదని ఎవడు కనిపెట్టాడో తెలీదు. కనిపెట్టినవాడు పోయినా ఆ మాట పోలేదు. చదువుకున్నవాళ్ళూ అదే అంటారు, చదువులేనివాళ్ళూ అదే అంటారు. రెండేళ్ళు పొగాకు ఘాటులో కూర్చుని సాధకం చేసిన మనిషిని పట్టుకుని, పెదాలు కదుపు చాలు అన్నారు. అనడానికి సిగ్గుపడలేదు సరికదా, ఉపకారం చేస్తున్నట్టు అన్నారు.

ఎస్తేరు మాస్టారి వైపు చూసింది.

మాస్టారు హార్మోనియం మీద దుమ్ము తుడుచుకుంటున్నారు. "నీ పెట్టె నువ్వు వాయించుకో నాయకులూ," అన్నారు. "నా పెట్టె నేను వాయించుకుంటాను."

రంగనాయకులు దాన్ని ఒప్పుకోలు కింద లెక్కేసుకుని సంతోషంగా వెళ్ళిపోయాడు.

"కాదనలేదేం మాస్టారూ?" అంది ఎస్తేరు. "మీకూ నా ముఖమే కావాలా? అయితే నేను వెళ్ళిపోతాను. అలా ఊరికే నిలబడే పని బొంబాయిలోనే చేశాను."

"వెళ్దువుగాని. ఇవాళ్టి రిహార్సలు కానివ్వు."

నాటకం మాస్టారు రాసిందే. ఒక పడవవాడు రాత్రివేళ ఎవరినో ఏరు దాటిస్తాడు. వాళ్ళు శత్రు సైనికులని తర్వాత తెలుస్తుంది. రాజు అతనికి మరణశిక్ష వేస్తాడు. పడవవాడి తల్లి కొలువుకి వస్తుంది. రాజు తీర్పు పద్యాలు పాడతాడు, తల్లి నిలబడి వింటుంది. ఆ తర్వాత ఆమెకి ఒకే ఒక్క పద్యం. ఆ తల్లి ఎస్తేరు.

కోటిలింగం లేచాడు. నడిమధ్య వేలాడే మైకు కిందికి వెళ్ళి, తల పైకెత్తి, తీర్పు పాడాడు. గొంతు గంటలా ఉంటుంది, అందులో అబద్ధం లేదు. ఎస్తేరు కదలకుండా నిలబడింది. అలా నిలబడటం ఆ గోడౌనులో ఇంకెవరికీ చేతకాదు. మిగతావాళ్ళు పక్కవాడు పాడుతుంటే కిరీటం సర్దుకుంటారు, పంచె ఎగదోపుకుంటారు. ఎస్తేరు మాత్రం నీళ్ళలో దించిన గుంజలాగా ఉంది. చూపు కోటిలింగం తల మీదుగా వెళ్ళి ఎదుటి గోడకి ఆనింది. బొంబాయిలో మొదట నేర్పింది అదే. ఎవరినీ చూడకు. అందరూ నిన్ను చూస్తారు.

తర్వాత ఆమె వంతు. కోపమంతా కలిపి పద్యం ఎత్తుకుంది.

కోటిలింగం సింహాసనం మీద కూర్చుని చెయ్యి వెనక్కి పెట్టాడు. అక్కడ ఎప్పుడూ ఒక గోళీసోడా ఉంటుంది. ఎదుటివాళ్ళు పాడేటప్పుడు గొంతు తడుపుకోవడం ఆయన అలవాటు. రిహార్సలైనా అంతే, నాటకమైనా అంతే. ముప్పై ఏళ్ళలో ఆయన ఎదుట ఎంతమంది రాణులు ఏడ్చారో, అన్ని సోడాలు అయ్యాయి.

పద్యం రెండో పాదంలో గోళీ కీచుమని అరిచింది.

ఎస్తేరు పళ్ళు బిగించి పాడుతూనే మాస్టారి వైపు తిరిగింది. మాస్టారి వేళ్ళు హార్మోనియం మెట్ల మీద నడుస్తున్నాయి. ముఖం మాత్రం ఆమె వైపు లేదు. తల పైకెత్తి, ఆమె తల మీదుగా, వెనకున్న గోడని చూస్తున్నారు. పద్యం సగమైంది. చూస్తూనే ఉన్నారు.

ఆమె ఠక్కున ఆపేసింది.

"ఆయన సోడా తాగుతాడు, మీరు గోడ చూస్తారు! మనిషిని ఇక్కడ నిలబడి పాడుతున్నాను గదా మాస్టారూ! నా వంక చూడరేం?"

"నేను చూసింది," అన్నారు మాస్టారు, "ఇందాక నువ్వు చూసిన గోడే అమ్మా."

కోటిలింగం త్రేన్చాడు.

"రేపు నాటకానికి వస్తావా?" అని అడిగారు మాస్టారు.

"వచ్చి ఏం చెయ్యను? ఆ పెట్టె పాడుతుంటే నేనేం చెయ్యాలి?"

"నిలబడు. అది నీకు వచ్చుగా."

ఎస్తేరు పోస్టరు తీసి నాలుగు ముక్కలు చేసి బయటికి నడిచింది. అటునుంచి అటు ఒంగోలు బస్సెక్కుతుందని అందరూ అనుకున్నారు.

మర్నాడు పొద్దుగూకేవేళకి మైదానం నిండిపోయింది. ఎస్తేరు వచ్చింది. ముతక చీర కట్టుకుని, రంగు తానే పూసుకుని, తెర పక్కన నిలబడింది. ఆమె అడుగు పెట్టగానే ఈలలు వేశారు. నగల కొట్టు పేరు పెట్టి పిలిచారు. ఎవడో సెల్‌ఫోను ఎత్తి పట్టుకుని, "మేడమ్, ఇటొకసారి!" అని అరిచాడు. ముందువరసలో రంగనాయకులు ఆ మాటలు తనకి చేసిన సన్మానంలా విన్నాడు.

కోటిలింగం మైకు కిందికి వెళ్ళి తీర్పు ఎత్తుకున్నాడు.

ఎస్తేరు నిలబడింది. చూపు గోడ మీద లేదు. ఆయన ముఖం మీద ఉంది. ఆ మనిషి తన కొడుకుని చంపమంటున్నాడు. ఒక్కొక్క మాటా వింటోంది.

రెండో పద్యం మధ్యలో కోటిలింగానికి అది తగిలింది. ముప్పై ఏళ్ళుగా ఆయన మైకుకి పాడాడు, జనానికి పాడాడు, రికార్డు చేసేవాళ్ళకి పాడాడు. ఎదుట నిలబడ్డ మనిషి విన్నది ఎన్నడూ లేదు. మైకు వదిలి ఒక అడుగు ఆమె వైపు వేశాడు. గొంతు సన్నబడింది. వినపడక జనం ముందుకి వంగారు. ఈలలు ఎప్పుడు ఆగాయో ఎవరికీ తెలీలేదు.

తీర్పు అయింది. రాజు సింహాసనం మీద కూర్చున్నాడు. రంగనాయకులు చెయ్యెత్తి సౌండువాడికి సైగ చేశాడు.

స్పీకర్లలోంచి వేణువు వచ్చింది. వెనకే వయొలిన్లు. ఆ వెనక తేనెలాంటి గొంతుతో పద్యం.

ఎస్తేరు పెదాలు కదపలేదు.

పద్యం ఒక పాదం దాటింది. ఆమె నోరు మూసుకునే ఉంది. మెల్లగా తల తిప్పి, ముందువరసలో ఉన్న రంగనాయకుల్ని చూసింది. అలాగే చూస్తూ నిలబడింది. గంటసేపైనా అలా నిలబడగల మనిషి. నేర్పించింది ఆ బొంబాయే.

"అమ్మాయి నోరు మెదపట్లేదే!" అంది ఆడవాళ్ళలో ఒకామె.

"మరి పాడేదెవరే?"

"పెట్టె!"

రంగనాయకులు కంగారుపడి, కదుపు, కదుపు అన్నట్టు తన పెదాలు ఆడించి చూపించాడు. అది పక్కవాళ్ళ కంట పడింది.

"ఓరి నాయనోయ్! పాడేది రంగనాయకులు గారర్రోయ్!"

మైదానం గొల్లుమంది. వెనకనుంచి ఇంకో గొంతు లేచింది, అందులో నవ్వు లేదు. "ఆపండ్రా ఆ పెట్టె! మనుషుల్ని నిలబెట్టి ఈ నాటకాలేంటి? ఆ పిల్లకి నోరు లేదనుకున్నారా?"

"ఆపండి! ఆపండి!"

పెట్టె ఆగిపోయింది.

నిశ్శబ్దంలో హార్మోనియం తిత్తి కదిలిన చప్పుడైంది. మాస్టారు ఒక్క మెట్టు నొక్కారు. ఎస్తేరు శ్రుతి అది. నొక్కిన వేలు ఎత్తలేదు.

ఎస్తేరు రంగనాయకుల్ని వదిలేసి రాజు వైపు తిరిగింది.

ఏరు దాటజేయు మెవ్వని నైనను
పేరు నడుగకనుచు బెంచినాను
బిడ్డ తప్పు గాదు పెంపకమే తప్పు
తల్లి నిలిచెనిదిగొ దండనొసగు

సాగదీయలేదు. గమకాలు గుప్పించలేదు. చివరి పాదం దగ్గర గొంతు కొద్దిగా చీలింది. దాన్ని సర్దుకోనూ లేదు.

"వన్స్‌మోర్!" అని ఒక మూల నుంచి లేచిన కేక మైదానమంతా పాకింది. పద్యం పాడేవాళ్ళు ఆ కేక కోసమే బతుకుతారు. ఎస్తేరు అటు చూడలేదు. రాజునే చూస్తోంది. పాడింది జనానికి కాదు, జవాబు రావలసింది జనం నుంచి కాదు. మాస్టారు హార్మోనియం మీంచి చేతులు తీసేశారు. కేకలు వాటంతటవే అణిగిపోయాయి.

కోటిలింగం లేచాడు. తర్వాత ఆయనకి ఒక పెద్ద పద్యం ఉంది. అది పాడలేదు. "పడవవాణ్ణి విడిచిపెట్టండి," అన్నాడు మామూలు గొంతుతో. మైకు దగ్గర లేకపోయినా ఆ మాట అందరికీ వినపడింది.

జనం వెళ్ళిపోయాక రంగనాయకులు స్టేజీ ఎక్కాడు. "పరువు తీశారు గదా సాయిబు గారూ! ఈ ఊళ్ళో మళ్ళీ మీ నాటకం ఎలా ఆడతారో చూస్తాను!"

"నీ పెట్టె మర్చిపోకు నాయకులూ," అన్నారు మాస్టారు.

రంగనాయకులు కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ దిగిపోయాడు. తెరలు మడుస్తున్నారు. కోటిలింగం కిరీటం చంకలో పెట్టుకుని ఎస్తేరు పక్కనుంచి వెళ్తూ ఆగాడు. రెండడుగులు వేశాక వెనక్కి తిరిగి, "రేపు తొందరగా రామ్మా," అని వెళ్ళిపోయాడు.

ఎస్తేరు మాస్టారి దగ్గరికి వచ్చింది. పైకి ఇంకా కోపంగానే ఉంది. మెటికలు విరుచుకుంటూ అడిగింది.

"ఎలా పాడాను మాస్టారూ?"

మాస్టారు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, సింహాసనం దగ్గరికి నడిచారు. వంగి, దాని వెనక తడిమి, గోళీసోడా బయటికి తీశారు. నిండుగా ఉంది. గోళీ ఇంకా మూతిని అంటుకునే ఉంది.

తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"మిగిలిపోయింది," అన్నారు. "తాగమ్మా."