అర చుట్టు

ఆ డైని అర చుట్టు ఎక్కువ బిగించింది తనేనని వనజ ఇంతవరకూ ఎవరి ముందూ నోరు విప్పి చెప్పలేదు. మూడు నెలలుగా ఆ మాట గొంతులోనే ఉండిపోయింది.

గుట్టల కింద ఉన్న ఆ రైఫిల్ క్లబ్బులో తూటాల పని నేర్పేది రిటైరైన సుబేదారు ఏసుపాదం. ఏదడిగినా జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒక వస్తువు పెట్టి, పని చెప్పేవాడు. ఆ నిదానం వనజకు పడేది కాదు. సగం పని పుస్తకాలు తిరగేసి, వీడియోలు చూసి తనంతట తాను నేర్చుకున్న పిల్ల. ఒకసారి పేలిన ఇత్తడి గుల్ల ఉబ్బుతుంది. డై అనే ఉక్కు అచ్చులో నొక్కి, దాన్ని మళ్ళీ కొలతకు తెచ్చాకే మందు పోసి కొత్త తూటా కట్టాలి. ఆ నొక్కే పని వనజది.

పోటీలకు ముందు ఒకరోజు, వనజ కట్టిన తూటాలతో కాల్చే స్నేహితురాలు రజియా వచ్చి వెక్కిరించింది. "ఏమే, నీ తూటాలు అలిగిన అల్లుళ్ళలా ఉన్నాయే! లోపలికి రమ్మంటే గుమ్మంలోనే బిగుసుకుంటున్నాయి." అందరూ నవ్వారు. వనజకు రోషం వచ్చింది. గురువును అడగకుండా డైని అర చుట్టు కిందికి దించింది. ఇక అక్కణ్ణుంచి తూటాలు వెన్నలో వేలు దిగినట్టు దిగాయి. రజియా మెచ్చుకుంది. అవే గుల్లల్ని మళ్ళీ మళ్ళీ నొక్కి నాలుగుసార్లు వాడారు. నాలుగోసారి ఒక గుల్ల రైఫిల్లోనే అడుగున తెగింది. వెనక్కి ఎగదన్నిన మంటకు రజియా కుడికన్ను పోయింది.

తను రైఫిల్ గొట్టం సరిగా తుడవకపోవడం వల్లే అలా జరిగిందని, తప్పు తనదేనని రజియా నమ్మింది. ఇంట్లోవాళ్ళూ ఆ మాటే అని సాధిస్తున్నారు. ప్రతి శుక్రవారం వనజకు ఫోన్ చేస్తుంది. వనజ ఎత్తదు.

ఆ ఉదయం వనజ గురువు దగ్గర నిలబడి, ఎవరి సంగతో అడుగుతున్నట్టు అడిగింది.

"సార్, తూటా సాఫీగా దిగితే మంచిదే కదా. మరి సాఫీగా దిగింది తెగడమేంటి?"

ఏసుపాదం తలెత్తలేదు. రెండు ఖాళీ గుల్లలు, కొన వంచిన సన్నటి తీగ ఒకటి ఆమె ముందు పెట్టాడు. "రైఫిల్లో వేసి చూడు."

మొదటిదానికి రైఫిల్ వెనక గడియ, బోల్టు, దానంతటదే పడింది. రెండోదానికి చివర్లో వేలితో కాస్త నొక్కాల్సివచ్చింది.

"ఇప్పుడు తీగతో లోపల తడుము."

బిగుసుకున్న గుల్లలో తీగ నున్నగా జారింది. సాఫీగా దిగినదానిలో అడుగుకు కొంచెం పైన టక్కున ఆగింది. వనజ మళ్ళీ గీసింది. మళ్ళీ అక్కడే ఆగింది. లోపల చుట్టూ గాడి. బయట చూస్తే ఇత్తడి మెరుస్తోంది, చిన్న గీత కూడా లేదు. ఏసుపాదం దాన్ని పటకారుతో పట్టి వంచాడు. గాడి దగ్గర రెండు ముక్కలైంది.

"మరీ కిందికి నొక్కితే గుల్ల పొట్టిదవుతుంది. రైఫిల్ లోపల ఖాళీ మిగులుతుంది. పేలినప్పుడల్లా ఆ ఖాళీలోకి సాగి సాగి, అడుగున పలచబడుతుంది."

"పైకి ఏమీ కనబడలేదు సార్."

"కనబడదు తల్లీ."

"ఇది... ఎవరిది?"

"రజియా డబ్బాలోది. ప్రమాదం విచారించిన కమిటీవాళ్ళు నిన్ననే తిరిగిచ్చారు. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. అన్నీ తడిమాను."

వనజ డై వంక చూసింది. లేచి వెళ్ళి దాన్ని అర చుట్టు వెనక్కి తిప్పింది. ఏసుపాదం చూస్తూ కూర్చున్నాడు.

"ఇకమీదట నొక్కేవి బాగానే ఉంటాయిలే," అన్నాడు.

చాలాసేపటికి వనజ సంచిలోంచి ఫోన్ తీసింది. ఆ రోజు మంగళవారం. శుక్రవారం దాకా ఆగడం తన వల్ల కాదని తెలిసిపోయింది.

"రజియాకు చేస్తాను సార్. ఇప్పుడే. కానీ మాట... మాట పెగలదేమో."

ఏసుపాదం లోపల గాడి లేని ఆ రెండో గుల్లను ఆమె అరచేతిలో పెట్టాడు.

"కాస్త బిగుసుకుంటుంది," అన్నాడు. "బిగుసుకోనీ."