ప్రింటర్ మౌనం విడిచిన ఆదివారం

వారం రోజులుగా ఆశ్రమంలో ప్రింటర్ పని చేయడం లేదు. బాగు చేస్తానని మాట ఇచ్చినవాడు హేమాద్రి.

హేమాద్రి బెంగుళూరులో తొమ్మిదేళ్ళు ఒక కంపెనీ కంప్యూటర్లను చూసుకునే ఉద్యోగం చేశాడు. రెండు వందల మంది కూర్చునే అంతస్తులో ఎవరి మెషిన్ మొరాయించినా అతన్నే పిలిచేవారు. ఆ ఉద్యోగం వదిలి, పీలేరు అవతల చింతతోపు మధ్య ఉన్న ఈ చిన్న ఆశ్రమానికి వచ్చి ఏడు నెలలయింది. రెండు జతల బట్టలూ తన మ్యాక్‌బుక్కూ వెంట తెచ్చుకున్నాడు. ఉద్యోగం వదిలాడు గాని, తనకు రాని మెషిన్ ఉండదన్న నమ్మకం మాత్రం అతని వెంటే వచ్చింది.

ఆశ్రమంలో ప్రింటర్‌తో ఉన్న పని ఒక్కటే.

గురువు కనకవల్లి అమ్మ ప్రతి ఆదివారం పదకొండు గంటలకు మాట్లాడుతుంది. వినడానికి నలభై మంది దాకా వస్తారు. వారిలో మునిరత్నం ఒకరు. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ పక్కన ముప్పయ్యేళ్ళు పని చేసి, రిటైరయ్యేనాటికి రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషి. పుంగనూరు వైపు నుంచి రెండు బస్సులు మారి వస్తాడు. ఆయన కోసం అమ్మ ఆదివారం మాటలు శుక్రవారమే చెప్పి టైపు చేయిస్తుంది. వాటిని పెద్ద పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి ఆయన చేతికిస్తారు. ఆమె మాట్లాడుతుంటే ఆయన చదువుకుంటాడు. ఆమె చూపుడువేలు పైకెత్తితే పేజీ తిప్పుతాడు. మూడేళ్ళుగా ఇదే పద్ధతి.

పోయిన ఆదివారం కాగితాలు లేవు. ఆయన ముందు వరసలో కూర్చుని గంటసేపు అమ్మ పెదవుల వంక చూశాడు. అందరూ నవ్వాక, చుట్టూ చూసి, తనూ నవ్వాడు. వెళ్ళేముందు బస్సు టికెట్ వెనక నాలుగు ముక్కలు రాసి హేమాద్రికి ఇచ్చాడు.

"కాగితాలు ఇబ్బందైతే మొహమాటపడొద్దు. వచ్చే వారం ఒక్కసారి చూసి, ఇక మానుకుంటాను."

ఆ టికెట్‌ను హేమాద్రి మ్యాక్ తెర అంచుకు అంటించుకున్నాడు. వారమంతా దాన్ని చూస్తూనే పని చేశాడు. ఇవాళ ఆ వచ్చే వారం. ఉదయం ఎనిమిదయింది. మునిరత్నం మొదటి బస్సు ఎక్కేసే ఉంటాడు.

గడపలో గిన్నె చప్పుడయింది. వంట చేసే సుగుణ రాగిజావ తెచ్చింది.

"ఏమబ్బా, ఇంకా అలిగే ఉండాదా నీ మిషను?"

"అలగలేదు సుగుణక్కా. పిలిస్తే పలుకుతోంది. కాగితం మాత్రం ఇవ్వడం లేదు."

"మా ఇంటాయన గూడా అంతే. పిలిస్తే ఊ అంటాడు, లేచి రాడు." జావ బల్ల మీద పెట్టింది. "పెన్‌డ్రైవ్ తీసుకోని జిరాక్సు అంగడికి పోరాదా అని మొన్నే అమ్మ చెప్పి పంపె గదా."

"ఇవాళ ఆదివారం. అంగళ్ళు తెరవరు."

"మొన్న శుక్రవారం తెరిచే ఉన్నె."

హేమాద్రి మ్యాక్ వైపు తిరిగాడు. శుక్రవారం అతను "అవసరం లేదు, నేను చూసుకుంటాను" అన్నాడు. శనివారం కూడా అదే అన్నాడు.

అంగడికి పోలేదు గాని, అతను చేయని పని లేదు. మ్యాక్‌లో ప్రింటర్‌ను తీసేసి మళ్ళీ చేర్చాడు. ప్రింటింగ్‌కు సంబంధించిన అమరికలన్నీ చెరిపేసి మొదటి నుంచి పెట్టాడు. మ్యాక్‌కు కొత్త అప్‌డేట్లు ఎక్కించాడు. ప్రింటర్‌ది పాత కాలం, దాని కంపెనీ దాన్ని ఎప్పుడో మర్చిపోయింది. దాని కోసం మూడు రకాల డ్రైవర్లు, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్లు, ఇంటర్నెట్ నుంచి దించి చూశాడు. వైరు మార్చాడు. రౌటర్‌లో ఆ వైరు గుచ్చే చోటు కూడా మార్చాడు.

రౌటర్ తనకు కలిసిన ప్రతిదానికీ ఒక నంబరు ఇస్తుంది. మ్యాక్ ఆ నంబరును పట్టుకునే కాగితాలు పంపాలి. ఈ ప్రింటర్ పాతది కనుక కొత్తవాటిలా తనంతట తాను మ్యాక్‌కు కనపడదు, నంబరు కొట్టి చేర్చుకోవలసిందే. దాని నంబరు చివర పన్నెండు. అంతకు ముందున్న శిష్యుడెవరో చిన్న కాగితం మీద రాసి ప్రింటర్ ముఖానే అంటించి పోయాడు. హేమాద్రి ఆ నంబరు చూసే కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ సరిచూసుకున్నాడు. ఆ నంబరుకు మ్యాక్ నుంచి పిలుపు పంపితే "ఉన్నాను" అని జవాబు కూడా వచ్చింది. ఒక్కోసారి వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు. అందుకే వైరు మీద అనుమానపడ్డాడు.

అసలు ఇది మొదలయింది అమావాస్యతో.

నెలకోసారి అమావాస్య నాడు ఆశ్రమంలో అందరూ మౌనంగా ఉంటారు. మర్నాడు దీపం పెట్టాక మౌనం విడవడానికి ఒక్కొక్కరే వచ్చి అమ్మ ముందు కూర్చుంటారు. ఆమె "చెప్పు" అంటుంది. ఏ మాటైనా మాట్లాడే ముందు వాళ్ళు తమ పేరు, తాము ఇప్పుడు ఎక్కడున్నారో చెప్పాలి. సుగుణ ప్రతి నెలా ఒకటే చెబుతుంది. "సుగుణని. వంటింట్లో ఉండా, ఇంకెక్కడ పోతా?" ఒకసారి ఒకాయన "పేరు నాగభూషణం, ఎక్కడున్నానో తెలియడం లేదు" అని ఏడ్చాడు. హేమాద్రికి ఇదంతా చిన్నపిల్లల ఆటలా తోచేది. "హేమాద్రి, మీ ఎదురుగా ఉన్నాను" అని టకటకా చెప్పి లేచిపోయేవాడు.

ఈసారి అమావాస్యకు అతను ఒక మాట అన్నాడు. "నోళ్ళు మూసుకుని ఫోన్లు మోగనిస్తే అది మౌనమెలా అవుతుందమ్మా? మెషిన్లు కూడా పాటించాలి."

"నీ ఇష్టం" అంది అమ్మ.

అతను కరెంటు మెయిన్ ఆపేశాడు. రౌటర్, ప్రింటర్, అన్నీ పూర్తిగా ఆగాయి. మర్నాడు తెల్లవారుజామున మెయిన్ వేశాడు. ప్రింటర్ మీట మాత్రం తొమ్మిదింటికి, అవసరం పడ్డాక నొక్కాడు. అప్పటి నుంచి ఇదీ కథ.

ఎనిమిదిన్నరకు అమ్మ వచ్చింది. చేతిలో తెల్లకాగితాల దస్తా, రెండు పెన్నులు. బల్ల మీద పెట్టింది.

"పదిహేను పేజీలు. ఇప్పుడు మొదలుపెడితే పదకొండుకు ఎన్ని అవుతాయో చూద్దాం. నా చెయ్యి వణుకుతుంది, నువ్వే ఎక్కువ రాయాలి."

హేమాద్రి ఆ కాగితాల వంక చూశాడు, మ్యాక్ తెర అంచున ఉన్న టికెట్ వంక చూశాడు.

"అమ్మా, నాకు తెలియడం లేదు."

ఏడు నెలల్లో ఆ మాట అతను అనడం అదే మొదటిసారి. అమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎన్నిసార్లు పంపావు?"

"నలభై ఒకటి."

"అదేమంది?"

"ప్రింటర్ ఏమంటుందమ్మా?"

"అడిగావా?"

హేమాద్రి మూలనున్న ప్రింటర్ వైపు తిరిగాడు.

"మౌనం పట్టించింది నువ్వే. విడిపించావా?"

ఆమె లేచి గది మూలకు వెళ్ళింది. ప్రింటర్ ముందు నేల మీద కూర్చుంది. మనుషుల ముందు ఎలా కూర్చుంటుందో అలాగే. దాని ముందువైపు ఉన్న ఒకే ఒక్క మీట మీద బొటనవేలు పెట్టి నొక్కి పట్టింది. వదల్లేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి, అంకెలు లెక్కపెడుతున్నట్టుంది. ప్రింటర్ దీపం ఒకసారి ఆరింది, మళ్ళీ వెలిగింది. ఆమె వేలు తీసింది.

కొంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత లోపల ఏదో కదిలిన చప్పుడు. వేడెక్కిన వాసన. తొమ్మిది రోజుల తర్వాత మొదటి కాగితం బయటికి వచ్చింది.

అమ్మ దాన్ని చదవలేదు. తీసి అతని చేతికిచ్చింది.

పై వరసలో ప్రింటర్ పేరు. కింద అది పుట్టిన సంవత్సరం, ఇప్పటివరకు అచ్చువేసిన పేజీలు అరవై ఒక్క వేల చిల్లర. దాని కింద అది ప్రస్తుతం ఉన్న నంబరు.

చివర పదిహేడు.

హేమాద్రి ప్రింటర్ ముఖం మీది చిన్న కాగితం చూశాడు. పన్నెండు. చేతిలో కాగితం చూశాడు. పదిహేడు. రౌటర్ ఆగి లేచింది కదా. ముందు లేచినవాళ్ళకు ముందు నంబరు. ప్రింటర్‌ను తను తొమ్మిదింటికి లేపాడు.

"మరి వారం రోజులుగా నాకు జవాబిచ్చిన పన్నెండు ఎవరు?"

రౌటర్‌లోకి వెళ్ళి జాబితా తెరిచాడు. పన్నెండు ఎదురుగా ఉన్న పేరు చదివి, నుదురు పట్టుకున్నాడు.

"సుగుణక్కా!"

ఆమె చేటతో సహా వచ్చింది.

"అమావాస్య మర్నాడు ఎన్నింటికి లేచావు?"

"నాలుగింటికి. కరెంటు రాంగానే ఫోన్లో సుప్రభాతం పెట్టుకుంటి. ఏం?"

"వారం రోజులుగా అమ్మ ప్రసంగం నీ ఫోనుకు పంపుతున్నాను."

సుగుణ కొంగులోంచి ఫోను తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకేమీ రాలేదే!"

"రాదు. 'ఉన్నావా' అంటే 'ఉన్నాను' అనేది, అంతే. మధ్య మధ్య అదీ అనేది కాదు."

"ఆకుకూరకు పోయినప్పుడు తీసుకోని పోతా గదా." చేట నడుముకు ఆనించుకుంది. "బెంగుళూరులో గూడా ఇట్లనే బాగుచేస్తా ఉన్నింటివా?"

అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాతి పనికి పది నిమిషాలు పట్టింది. పాత వరసలో నిలబడిపోయిన నలభై ఒక్కటీ చెరిపేశాడు. పదిహేడు కొట్టి ప్రింటర్‌ను కొత్తగా చేర్చాడు. వారమంతా దించిన డ్రైవర్లేవీ అక్కరలేకపోయాయి. మ్యాక్‌లో ముందునుంచీ ఉన్న మామూలు డ్రైవరే సరిపోయింది. రౌటర్ ఇకమీదట ఎన్నిసార్లు ఆగినా ఆ నంబరు ప్రింటర్‌కే ఉండేటట్టు రాసిపెట్టాడు. అప్పుడు ప్రింట్ నొక్కాడు.

మొదటి పేజీ వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది వస్తుండగా అతను గోడకానుకుని కింద కూర్చుండిపోయాడు. సుగుణ చల్లారిన జావ గిన్నె తెచ్చి ఒళ్ళో పెట్టింది. గటగటా తాగేశాడు.

"అమ్మా, ఆ మీట సంగతి మీకు మొదటి రోజే తెలుసా?"

"దీన్ని ఇచ్చిపోయిన గుమాస్తా చూపించాడు. నొక్కి పట్టుకుంటే తన సంగతి తానే చెబుతుందన్నాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలియదని ఇవాళే కదా నువ్వు చెప్పావు."

ఆమె తెల్లకాగితాల దస్తా తీసుకుని వెళ్ళిపోయింది.

పది దాటాక మునిరత్నం వచ్చాడు. చెప్పులు విడిచి, ముందుగా హేమాద్రి చేతుల వంకే చూశాడు. చేతుల్లో కాగితాలున్నాయి.  ముసలాయన వాటిని అందుకుని, అంచులు సమానంగా తట్టి, ముందు వరసలో తన చోట కూర్చున్నాడు.

అమ్మ మాట్లాడింది. వేలెత్తినప్పుడల్లా పేజీ తిరిగింది. ఏడో పేజీలో ఒక నవ్వు మాట ఉంది. అమ్మ ఇంకా అక్కడికి రాలేదు. నిశ్శబ్దంగా ఉన్న హాల్లో మునిరత్నం ఒక్కడే పకపకా నవ్వాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. అమ్మ ఆగి, ఆయన నవ్వడం అయ్యేదాకా ఉండి, తర్వాత ఆ మాట చెప్పింది. అప్పుడు మిగతావాళ్ళు నవ్వారు.

అంతా అయ్యాక హేమాద్రి కాగితం మీద రాశాడు, "వచ్చే వారం వస్తారు కదా?" అని. ఆయనకు చూపించబోయి ఆగాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఏమీ రాయని ఇంకో కాగితాన్ని, పెన్నును ఆయన ముందు పెట్టాడు. ఎదురుగా కూర్చున్నాడు.

మునిరత్నం అతని ముఖం చూశాడు, పెన్ను చూశాడు. తీసుకుని చాలాసేపు రాశాడు. చీమల్లాంటి అక్షరాలు. రాసి, మడిచి ఇచ్చాడు.

హేమాద్రి చదివాడు. చదివి, అమ్మ దగ్గరికి పట్టుకెళ్ళాడు. అమ్మకు అది అంత తేలిగ్గా కనపడలేదు. కళ్ళజోడు తెప్పించుకుంది.

"వచ్చే వారం వస్తాను. అడిగారు కాబట్టి ఒక్క మాట. ఇంత పెద్ద అక్షరాలు వద్దు. ఇంటికి తీసుకుపోయి మా ఆవిడకు చదివి వినిపిస్తాను, ఇన్ని కాగితాలు సంచిలో నలిగిపోతున్నాయి. నాకు పోయింది చెవులే. కళ్ళు బాగానే ఉన్నాయి."

అమ్మ రెండుసార్లు చదివింది.

"మూడేళ్ళు" అంది.

కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి లేచి వెళ్ళి మునిరత్నం ఎదుట నేల మీద కూర్చుంది. కాగితాన్ని వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు ఆయన ముందు పెట్టింది. పెన్ను అందించింది.

"చెప్పండి" అంది.

ఆయనకు వినపడలేదు. పెన్ను అందుకున్నాడు.