డాక్టరు వినని సగం మాట

తామరపేట ఆసుపత్రిలో వామనమూర్తి అనే కుర్ర డాక్టరు ఉండేవాడు. చదువులో దిట్టే గాని, రోగి మాట సగంలో ఉండగానే మిగతా సగం తానే చెప్పేసేవాడు. ఎవరైనా "తల..." అని మొదలుపెడితే చాలు, "నొప్పి, అంతేగా!" అనేవాడు. తల తిరుగుతోందని ఆ మనిషి మొత్తుకున్నాక, హెడ్ నర్సు ఎస్తేరమ్మ నవ్వు ఆపుకుని చీటీ మార్చి రాయించేది.

ఒక వేసవి మధ్యాహ్నం పక్క ఊరి పెళ్లివారు నలుగురు ఆటోలో వచ్చి పడ్డారు. రాత్రి విందులో ఏదో పాడై, పొద్దుటి నుంచి వాంతులు, విరేచనాలు. నాలుకలు పిడచకట్టాయి. చేతులు చల్లబడ్డాయి. బీపీ పడిపోయింది.

"ఇది షాక్. ఒంట్లో నీరంతా పోయి, అవయవాలకు రక్తం చాలడం లేదు. సెలైన్ పెట్టండి!" అన్నాడు వామనమూర్తి.

కాసేపటికి నలుగురూ తేరుకున్నారు. ఒకాయన కాఫీ కూడా అడిగాడు. డాక్టరు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అంతలో అదే పెళ్లి నుంచి సన్నాయి వాయించే సింహాద్రయ్యను మోసుకొచ్చారు. ఆయనకూ బీపీ బాగా తక్కువగా ఉంది.

"క... కం..." అన్నాడాయన, గొంతు పెగలక.

"కడుపేగా! తెలుసు, తెలుసు. సిస్టర్, ఈయనకూ సెలైన్!"

సింహాద్రయ్య తల అడ్డంగా ఊపాడు. డాక్టరు అప్పటికే చీటీ రాస్తున్నాడు. ఎస్తేరమ్మ మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"డాక్టరుగారూ, ఇందాక వచ్చినవాళ్ల చేతులు చల్లగా ఉన్నాయి. ఈయన ఒళ్లు వెచ్చగా ఉంది. ఈ దద్దుర్లు చూడండి, వాచిన పెదాలు చూడండి. ఆయన మాట ఇంకా పూర్తి కాలేదండీ."

వామనమూర్తి కలం ఆగింది. వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టాడు.

"కందిరీగలు... తలపాగాలో..." అన్నాడు సింహాద్రయ్య.

తలపాగా విప్పితే నెత్తిన నాలుగు కాట్లు, చచ్చిన కందిరీగ ఒకటి కనిపించాయి. బాణాసంచా చప్పుడుకు తుట్టె కదిలిందట. డాక్టరుకు సంగతి అర్థమైంది. ఇదీ షాకే. కానీ నీరు పోయి వచ్చింది కాదు. కందిరీగ విషం ఒంటికి పడక రక్తనాళాలు ఒక్కసారిగా వదులైపోయాయి. గొంతు పూడుకుపోతోంది. సెలైన్ ఒక్కటే నమ్ముకుంటే మనిషి దక్కడు.

"అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడకి! ఆక్సిజన్ పెట్టండి. కాళ్లు ఎత్తి ఉంచండి. సెలైన్ కూడా వెళ్లనివ్వండి!"

వదులైన రక్తనాళాలను బిగించే ఆ సూది పడింది. వామనమూర్తి ఆయన ముఖం మీంచి చూపు తిప్పలేదు. కొద్ది నిమిషాలకు నాడి చేతికందింది, ఊపిరి తేలికైంది. సింహాద్రయ్య కళ్లు తెరిచి, "తాళి కట్టేశారా బాబూ? గట్టిమేళానికి నేనుండాలి," అంటూ లేవబోయాడు.

"ఈ పూట మీరు ఊదేదేమీ లేదు. రేపటిదాకా ఇక్కడే," అంది ఎస్తేరమ్మ. వార్డంతా నవ్వింది.

వామనమూర్తి మాత్రం నవ్వలేకపోయాడు. "సిస్టర్, మీరు ఆపకపోతే ఏమయ్యేది!"

"ఆయన చెబుతూనే ఉన్నాడండీ. మనమే వినలేదు," అంది ఆమె నెమ్మదిగా.

మరుసటి వారం కామేశ్వరి అనే టీచరమ్మ బీపీ పడిపోయి వచ్చింది. ఆమె ఆగి ఆగి చెబుతుంటే వామనమూర్తి మధ్యలో అడ్డురాకుండా చివరిదాకా విన్నాడు. ఛాతీ మీద బరువు, ఎడమ చెయ్యి లాగడం, పడుకుంటే ఆయాసం. వెంటనే ఈసీజీ తీయించాడు. గుండె దెబ్బతిని రక్తాన్ని నెట్టలేకపోతోంది. ఇలాంటివారికి సెలైన్ గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకని బీపీ నిలబెట్టే మందు మొదలుపెట్టి, తానే అంబులెన్సులో పక్కన కూర్చుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. పది రోజులకు ఆమె నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది.

నీతి: పైకి ఒకేలా కనిపించే కష్టాలకు కారణాలు వేరువేరుగా ఉంటాయి, ఎంత చదివినవారైనా ఎదుటివారి మాట చివరిదాకా విన్నాకే సాయానికి పూనుకోవాలి.