నిప్పురవ్వ రెండో విద్య

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి బస్సు పోదు, రైలు పోదు. అది కంప్యూటర్ లోపల ఉంటుంది అమ్మలూ, నువ్వు రోజూ ఆడే ఆట లాంటి ఒక ఆటలో. పేరు మసకగుట్ట. అక్కడ సూర్యుడు పొడవడు. పొడవబోతాడు, మబ్బుల్ని చూసి వెనక్కి తగ్గుతాడు.

నాకెలా తెలుసంటావా? ఆ ఊరికి నేను వెళ్ళినన్ని సార్లు ఇంకెవరూ వెళ్ళలేదు. మీ అమ్మ ఆఫీసుకి పోగానే ఆ మిషన్ ముందు కూర్చుని, ఒక్క పూటలో ఊరెడు రాక్షసుల్ని పప్పుగుత్తితో మెదిపి, కుక్కర్ దించే వేళకి వంటింట్లో ఉండేదాన్ని. ఒక కొండచిలువైతే నన్ను చూసి తనంతట తనే ముడేసుకుంది. నవ్వకు. ఇది నవ్వే కథ కాదు.

ఇందాక అడిగావు కదా, కొత్తగా మంత్రవిద్య పట్టిన పిల్లకి రెండో విద్యగా ఏది తీసుకోవాలని. దానికే చెబుతున్నాను. కాళ్ళు కప్పుకుని విను.

ఆ మసకగుట్టలో ఒక మంత్రగత్తె పిల్ల ఉండేది. అక్కడికి ఎవరూ అమ్మానాన్నలు పెట్టిన పేరుతో రారు. అందుకని తన పేరు తనే నిప్పురవ్వ అని పెట్టుకుంది. అరచేతిలో మంట పుట్టించి విసరడం ఒక్కటే దానికి వచ్చు. ఒంట్లో మాత్రం సత్తువ లేదు. గట్టిగా గాలి వీస్తే సగం ప్రాణం పోయేది.

మంట ఊరికే పుట్టదు. నీలం కుండ ఒకటి ఉంటుంది. మీరు మానా అంటారే, ఆ శక్తి అందులో ఉంటుంది. మంట వేసినప్పుడల్లా కుండ తగ్గుతుంది. మళ్ళీ నిండాలంటే ఓపిగ్గా కూర్చోవాలి.

ఆ పిల్లకి ఒక జతగాడు ఉండేవాడు. వాడి పేరు బండరాయి. తలుపంత డాలు పట్టుకుని ఎప్పుడూ ముందు నడిచేవాడు. దెబ్బలు వాడివి, మంటలు దీనివి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇద్దరూ తెగ మాట్లాడుకునేవాళ్ళు. వాడు దీన్ని రవ్వా అనేవాడు, ఇది వాణ్ణి బండా అనేది. వాడిది ఏ ఊరో దీనికి తెలియదు, ఇది ఎవరి పిల్లో వాడికి తెలియదు. రోజూ వస్తాడు కదా, అడగడమెందుకు అనుకుంది.

ఆ ఊళ్ళో ఒక చెడ్డ నియమం ఉంది. మనిషికి మూడే ప్రాణాలు. ఒకటి పోతే లేవచ్చు. రెండోది పోయినా లేవచ్చు. మూడోది పోతే ఇక అంతే, తెర నల్లబడుతుంది.

బండరాయి మొదటి ప్రాణం బురదమడుగులో పోయింది. మొసలి రవ్వ మీదికి వస్తే అడ్డం నిలబడ్డాడు. రెండోది తాళ్ళ వంతెన మీద పోయింది. అప్పుడూ రవ్వే వెనకుంది. ఇక మిగిలింది ఒక్కటి. వాడికి చీమ కుట్టినట్టు కూడా లేదు. రవ్వకి మాత్రం అన్నం సహించడం మానేసింది.

పోయిన ప్రాణాలు తిరిగి రావాలంటే ఒక్కటే దారి. ఊరి అవతల నల్లగవి అని ఒక గుహ ఉంది. దాని చివర ఒక ఊట ఉంది. ఆ నీళ్ళు తాగితే మూడు ప్రాణాలూ నిండుతాయి. కానీ గుహ మధ్యలో ఒక జెర్రి కాపలా ఉంటుంది. ఎంత పెద్దదంటే, దాని తల నిద్ర లేచిన సంగతి తోకకి మర్నాటికి గానీ తెలియదు.

సరిగ్గా అప్పుడే రవ్వ ఇరవయ్యో మెట్టు, మీరు లెవెల్ అంటారే, అది ఎక్కింది. ఇరవయ్యో మెట్టు మీద రెండో విద్య తీసుకోవాలి. ఒక్కసారే తీసుకోవాలి, మార్చుకోవడం లేదు. నల్లగవికి వెళ్ళే ముందే తేల్చుకోవాలి.

ముందు ఉక్కుతాత దగ్గరికి వెళ్ళింది. ఆయన కత్తీ కవచం నేర్పుతాడు. ముందు నువ్వు నిలబడడం నేర్చుకో, అప్పుడు నీకోసం ఇంకొకడు చావక్కర్లేదు అన్నాడు. కవచం తొడిగి చూసుకుంది. బరువుగా ఉంది. నేను నిలబడితే చాలా, వాడు పడితే ఏం చెయ్యను అనుకుని విప్పేసింది.

ఆ తర్వాత పసరవ్వ దగ్గరికి వెళ్ళింది. ఆమె వైద్యం నేర్పుతుంది. గాయం చిన్నదిగా ఉన్నప్పుడే చూసి, చుక్క చుక్కగా పసరు పొయ్యాలి, క్షణం కన్ను తిప్పకూడదు అంది. ఒక్కసారిగా పెద్ద దెబ్బ తగిలితేనో అని రవ్వ అడిగింది. ఒక్కోసారి అందదు తల్లీ అని అవ్వ ఉన్నమాట చెప్పింది. ఆ ఉన్నమాటే రవ్వకి నచ్చలేదు.

ఆ తర్వాత బూడిదసామి దగ్గరికి వెళ్ళింది. ఆయన గుడిసెలో దీపం లేదు. పడినవాణ్ణి లేపే విద్య ఆయనది. కుండ అంచు దాకా నిండి ఉండాలి, అంతా ఒక్కసారే పొయ్యాలి, మూడో ప్రాణం పోయినవాడైనా సరే లేస్తాడు అన్నాడు.

"తప్పకుండా లేస్తాడా?"

"లేస్తాడు."

లేచేది ఎవరని రవ్వ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

బండరాయికి సంగతి తెలిసి మూతి ముడిచాడు. హాయిగా కవచం తీసుకోకుండా ఈ శ్మశానం చదువు ఏమిటే, నన్ను పాతిపెట్టడానికి ఇప్పటినుంచే గునపం కొన్నావా అని ఎగతాళి చేశాడు. రవ్వ నవ్వలేదు. వెళ్ళి బూడిదసామి దగ్గర బొట్టు పెట్టించుకుంది. నుదుటి మీద ఆ బూడిద ఇక చెరగదు.

అప్పుడు ఇద్దరూ నల్లగవికి బయలుదేరారు.

ఆ రోజు నన్ను పిలిచి ఉంటే చీపురు ఒక్క విసురు విసిరి ఆ జెర్రిని గుమ్మం అవతలికి ఊడ్చేసేదాన్ని. ఏం చెయ్యను, అప్పుడు నేను ఏడు లోకాల అవతల ఒక బ్రహ్మరాక్షసికి పేలు చూస్తున్నాను. సగంలో వదిలేసి వస్తే అది ఏడుస్తుంది.

గుహలో చీకటి. పైనుంచి నీళ్ళ చుక్కలు. బండరాయి ముందు, రవ్వ వెనక. జెర్రి కదిలింది. వాడు డాలు నేలకి ఆనించి నిలబడ్డాడు. రోజూ అయితే రవ్వ మంట మీద మంట వేసేది. వాడు ఆపుతాడు, ఇది కాలుస్తుంది, అదే వాళ్ళ లెక్క. మంత్రం తప్ప ఏదీ రాని రోజుల్లో దానికి మంట వెయ్యడం మీదే ధ్యాస ఉండేది.

ఇప్పుడు ధ్యాస కుండ మీదికి పోయింది. మంట వేస్తే కుండ తగ్గుతుంది. కుండ తగ్గితే, వాడు పడినప్పుడు లేపలేదు. పసరు విద్య నేర్చినవాళ్ళు నిలబడి ఉన్నవాడి వైపు చూస్తారమ్మా. బూడిద విద్య నేర్చినవాళ్ళు వాడు పడబోయే చోటు వైపు చూస్తారు.

"రవ్వా, మంట" అన్నాడు బండరాయి.

రవ్వ చెయ్యి ఎత్తి, కుండ వైపు చూసి, దించేసింది.

"మంట వెయ్యవే, జారిపోతున్నాను."

ఇంకొంచెం ఆపు బండా అంది. దాచుకుంటున్నానని చెప్పలేదు.

మూడోసారి వాడు అడగలేదు. డాలు రెండు ముక్కలైంది. హెడ్‌ఫోన్లో వాడి గొంతు సగం మాట దగ్గర తెగిపోయింది.

అప్పుడు రవ్వ ఏడ్చుకుంటూ కుండ మొత్తం వాడి మీద కుమ్మరించింది. బూడిదసామి అబద్ధం చెప్పలేదు. బండరాయి లేచాడు. లేచి, ఒట్టి చేతులతో జెర్రిని పట్టుకున్నాడు. అది కొరికింది, చీల్చింది, వాడు అబ్బా అనలేదు. దాన్ని చంపి పక్కన పడేసి, రవ్వ వెనకాల వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ ముందు నడిచేవాడు, వెనకాల నిలబడ్డాడు.

ఆ తర్వాత ఊట దగ్గరికి వెళ్ళారు. రవ్వ దోసిట్లో నీళ్ళు పట్టి వాడి నోట్లో పోసింది. నీళ్ళు గడ్డం మీదుగా కారిపోయాయి. మళ్ళీ పోసింది. మళ్ళీ కారిపోయాయి. మూడోసారి పట్టిన నీళ్ళు దోసిట్లోంచే ఒలికిపోయాయి.

ఊళ్ళోకి తిరిగి వస్తే జనం మూగారు. అదృష్టమంటే నీదే పిల్లా, నొప్పి తెలియని కాపలావాడు దొరికాడు, అలకా లేదు, ఆకలీ లేదు అన్నారు. ఒకడు వాడి భుజం తట్టి, ఇంతకుముందు వాగేవాడు, ఇప్పుడే బాగున్నాడు అన్నాడు. రవ్వ ఆ తట్టిన చేతిని విదిలించి కొట్టింది.

గోడ మీద కూర్చుని బండరాయితో మాట్లాడింది. ముందు వాడికి నచ్చే జోకు చెప్పింది. ఆ తర్వాత తిట్టింది, పలకవేరా అని. ఆ తర్వాత క్షమించమంది. వాడు గుమ్మానికి కొట్టిన కొయ్యలా నిలబడే ఉన్నాడు. ఫోను చేద్దామంటే నంబరు లేదు. ఉత్తరం రాద్దామంటే పేరే తెలియదు. వాడి గురించి దానికి తెలిసిందల్లా, వాడు మాట్లాడుతుంటే వెనకాల ఎప్పుడూ ఒక మేక అరిచేదని.

అంతే కాదు అమ్మలూ. వాడు నిలబడి ఉన్నంతసేపూ రవ్వ కుండలోంచే తాగుతున్నాడు. కుండ అడుగు దాటడం లేదు. అరచేతిలో మంట కాదు కదా, వెచ్చదనం కూడా పుట్టడం లేదు. పేరుకి నిప్పురవ్వ, ఒళ్ళంతా చలి.

ఇంత చేసినదాన్ని, సముద్రాన్ని చెంబుతో తోడి ఆరబెట్టినదాన్ని, నేనే వెళ్ళి ఆ కుర్రవాణ్ణి కుదిపి చూశాను. రాక్షసుల్ని లేపగలను, పర్వతాల్ని లేపగలను. ఆ పిల్లవాణ్ణి మాత్రం పలికించలేకపోయాను.

అప్పుడు రవ్వ పసరవ్వ దగ్గరికి వెళ్ళింది. నీ విద్యతో వీణ్ణి బాగుచెయ్యి అని కాళ్ళు పట్టుకుంది. అవ్వ బండరాయి కళ్ళలోకి చూసి, ఇందులో ఎవరూ లేరు తల్లీ అంది. ఆడే పిల్లవాడు వాడి ఇంట్లో ఉన్నాడు, వాడికి ఏమీ కాలేదు అంది.

"మరి రాడేం?" అంది రవ్వ.

"ఎలా వస్తాడు? ఒక మనిషికి ఈ ఊళ్ళో ఒక్కటే ఒళ్ళు. పాతది నేల మీద పడితే గానీ కొత్తది ఇవ్వరు. నువ్వు దీన్ని నిలబెట్టావు. వాడు ఊరి గేటు బయట నిలబడ్డాడు."

రవ్వ బండరాయి వైపు తిరిగి చూసింది. ఆ తర్వాత అడిగింది, వీణ్ణి వదిలేస్తే వాడు వస్తాడా అని. రావచ్చు, విసిగిపోయి ఇంకో ఆటకి పోనూవచ్చు అంది అవ్వ. వచ్చినా కొత్త పేరుతో వస్తాడు, కొత్త మొహంతో వస్తాడు, మొదటి మెట్టు మీద కర్ర పట్టుకుని వస్తాడు, నువ్వు గుర్తుపట్టలేవు అంది. మరి వాడు నన్ను గుర్తుపడతాడు కదా అంది రవ్వ. గుర్తుపడతాడు, కానీ నువ్వు మంట వెయ్యని సంగతీ గుర్తుంటుంది అంది అవ్వ.

చూశావా, ఎంత కష్టమో. ఉంచుకుంటే బొమ్మ మిగులుతుంది. వదిలేస్తే బొమ్మ కూడా మిగలదు.

ఆ పూటంతా రవ్వ వాణ్ణి వెంటబెట్టుకుని ఊరంతా తిరిగింది. బురదమడుగు చూపించింది. తాళ్ళ వంతెన చూపించింది. చివరికి ఊరి గేటు దగ్గరికి తీసుకొచ్చి, అటువైపు తిప్పి నిలబెట్టింది.

"ఇక పడిపో బండా" అంది.

నుదుటి బూడిద మీద అరచెయ్యి పెట్టి, పట్టిన మంత్రం వదిలేసింది. వాడు మెల్లగా మోకాళ్ళ మీద కూలాడు. ఆ తర్వాత పక్కకి ఒరిగాడు. ఆ తర్వాత అక్కడ గడ్డి మాత్రమే ఉంది.

కుండ నిండడం మొదలుపెట్టింది. రవ్వ దాని వైపు చూడలేదు.

మసకగుట్టకి కొత్తగా వచ్చేవాళ్ళు ముందు ఒక అడవి దాటాలి. వాళ్ళ దగ్గర కర్ర తప్ప ఏమీ ఉండదు. ఎంతోమంది ఆ చీకట్లోనే మొదటి ప్రాణం పోగొట్టుకునేవారు. రవ్వ ఆ అడవి అంచున కూర్చుంది. ఎవరు వచ్చినా మంట వేసేది. అడగకముందే వేసేది. కుండ ఖాళీ అయ్యేదాకా వేసేది. వాళ్ళు దాటి వెళ్ళిపోయేవారు. కొందరు థాంక్స్ అనేవారు, కొందరు అదీ అనేవారు కాదు. కొందరు ఒక్క మాటా లేకుండా దాని వైపు కాసేపు చూసి వెళ్ళేవారు. నువ్వు ఎవరివని రవ్వ ఎవర్నీ అడగలేదు. అడిగే హక్కు తనకి లేదనుకుంది.

వాడు వచ్చాడా అంటావా? నేను చూడని లోకం లేదు, నాకు తెలియని రహస్యం లేదు. నా మాటకి ఇంద్రుడు కూడా లేచి నిలబడతాడు. కానీ అది మాత్రం నాకూ తెలియదు అమ్మలూ. రవ్వకీ తెలియదు. తెలియకుండానే మంట వేస్తూ ఉంది.

కంచి దారిన కథ పోయింది,
కంటి మీదికి కునుకొచ్చింది,
మంట వెలుగున మన ఇల్లొచ్చింది,
దుప్పటి కప్పుకో, రాత్రయింది.