సోమవారాల పేజీలు

ఏదైనా అడిగితే సుంకులమ్మ గారు వెంటనే జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, "చూద్దాంలే" అంటారు. అడిగినవాళ్ళు ఆ ఒక్క మాటతో వారమైనా నెలైనా ఓపిక పట్టవలసిందే.

ఆమె కర్నూలు వైపు మూతపడిన ఒక నూలు మిల్లులో ముప్పై ఒక్కేళ్ళు రికార్డు గది చూసిన మనిషి. మిల్లును కొన్న కొత్త యాజమాన్యం పాత కాగితాలన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో దాచే పనికి మళ్ళీ ఆమెనే పిలిచింది. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్నవాడు జిలానీ. ముప్పై ఏళ్ళు దాటినవాడు, చేతి వేగం ఉన్నవాడు, ఆమె మాటంటే ప్రాణం. రెండేళ్ళలో ఆరు లక్షల పేజీలు ఎక్కించాడు. ఆర్డర్లు, దూది బేళ్ళ రశీదులు, యంత్రాల పటాలు, హాజరు పట్టీలు, దేని ఫోల్డరు దానికే, ప్రతి ఫోల్డరుకీ ఒక పేరు. ఎక్కడా ఇమడని వాటికి 'ఇతరములు'.

ఒకరోజు భోజనాలయ్యాక జిలానీ అడిగాడు. "మేడమ్, నాకు తెలిసినంతలో పని పూర్తయింది. కానీ పూర్తయిందని ఎట్లా తెలుస్తుంది? ఏ కాగితం ఎక్కడుండాలో అక్కడే ఉందని ఎవరు చెప్పాలి?"

"చూద్దాంలే" అన్నారామె.

ఆ వారంలోనే మారెన్న అనే పెద్దాయన కూతురి భుజం పట్టుకుని వీళ్ళ ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాక చాలాసేపు మాట్లాడలేకపోయాడు. కూతురు నాగవేణి చెప్పింది. నాన్న ఆర్నెల్లుగా క్షయ మందులు మింగుతున్నాడు. తగ్గకపోగా మనిషి సగమయ్యాడు. పెద్దాసుపత్రిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మకు ఇది క్షయ కాదేమో, దూది దుమ్ము వల్ల వచ్చిందేమోనని అనుమానం. మిల్లులో ఏ పని చేశాడో, ఆయాసం ఎప్పుడు మొదలైందో తెలిపే పాత కాగితం ఏదైనా తెమ్మంది.

"దూదిగదిలో పన్జేసినానమ్మా, పదారేండ్లు" అన్నాడు మారెన్న, ఊపిరి అందాక.

జిలానీ ఆ పేరు కొట్టాడు. ముప్పై ఎనిమిది మంది మారెన్నలు వచ్చారు. మిల్లులో కూలికి ఇచ్చే టోకెన్ నంబరు అడిగితే పెద్దాయనకు గుర్తులేదు. 'దూదిగది' అని కొడితే ఒక్క కాగితమూ రాలేదు. బేళ్ళు విప్పి దూది దులిపే ఆ చోటును కంపెనీ కాగితాలు బ్లో రూమ్ అంటాయి. ఆ హాజరు పట్టీలు తెరిస్తే అందులోనే ఆరుగురు మారెన్నలున్నారు. ఈయన వాళ్ళలో ఎవరో తెలిసే దారి లేదు. ఆయాసం గురించి ఏ పట్టీలోనూ అక్షరం లేదు. జిలానీ గంటసేపు వెతికి, తల దించుకుని, "దొరకడం లేదు పెద్దాయనా" అన్నాడు.

సుంకులమ్మ గారు తన కుర్చీ మారెన్న దగ్గరికి జరుపుకున్నారు.

"ఆయాసం రోజూ వచ్చేదా మారెన్నా?"

"లేదమ్మా. ఆదివారం సెలవ గదా, ఆ పొద్దు బాగుండేది. సోమవారం గదిలోకి పోతానే గుండెల మీద బండ పెట్టినట్టయ్యేది. మల్ల మంగళవారానికి సదురుకునేది."

"సోమవారం ఏం చేసేవాడివి మరి?"

"మిల్లు దవాఖానాకు పోయి మాత్ర తెచ్చుకుంటాంటి. కాంపౌండర్ సత్యమూర్తి సారు నన్ను చూసి నగేవాడు. చిన్న మారెన్నా, సోమవారం వచ్చిందా అని."

"ఏ ఏడు నుంచి?"

"ఈ పాప పుట్టిన ఏడు."

నాగవేణి తాను పుట్టిన సంవత్సరం చెప్పింది.

మౌస్ మీద జిలానీ చెయ్యి ఆగిపోయింది. దవాఖానా పుస్తకాలు పద్నాలుగు ఉన్నాయని అతనికి తెలుసు. పేర్లూ మాత్రలూ తప్ప వాటిలో వ్యాపారం ఏమీ లేదని, లోపలి పేర్లు వెతుకులాటకు ఎక్కించకుండానే 'ఇతరములు'లో పడేసింది తనే. ఇప్పుడు ఆ ఏడు పుస్తకం తెరిచి ఒక్కో పేజీ తిప్పాడు. వంకర రాతలో, ఒక సోమవారం తేదీ కింద కనబడింది. చిన్న మారెన్న, దూదిగది, ఆయాసం. తర్వాతి సోమవారం మళ్ళీ అదే. ఆ పైవారమూ అదే. తర్వాతి పుస్తకాలూ తెరిస్తే, మూడేళ్ళలో నూటికి పైగా సోమవారాలు. నాలుగో ఏట ఒక పేజీలో పేరు పక్కన ఇంకో వాక్యం ఉంది. జిలానీ పైకి చదివాడు.

"ఈ మనిషిని ఆ గది నుంచి మార్చమని మేనేజరు గారికి రెండోసారి చెప్పాను."

మారెన్న తెర దగ్గరికి వంగి చూశాడు. చదువు రాని మనిషి ఆ గీతల్ని వేలితో తడిమాడు.

"సత్యమూర్తి సారు నా కోసం అడిగినాడా?" అన్నాడు. "నగేవాడే గానీ, ఈ మాట నాకెన్నడూ చెప్పల్యా." కూతురు ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఆ పేజీలన్నీ జిలానీ ప్రింటు తీసి, తేదీల వరసన కుట్టి చేతికిచ్చాడు.

మూడు వారాలకు మారెన్న మళ్ళీ వచ్చాడు. డాక్టరమ్మ ఆ కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదివి, మళ్ళీ పరీక్షలు చేయించి, పాత మందులు మాన్పించి పీల్చే మందు రాసిందట. పోయిన ఊపిరి పూర్తిగా రాదని కూడా చెప్పిందట. "కానీ పండుకుని నిద్రపోతాండానమ్మా" అన్నాడు. తెచ్చిన వేరుశెనక్కాయల సంచి బల్ల మీద పెట్టి, కాసేపు కూర్చుని లేచాడు.

ఆయన గది దాటగానే జిలానీ కంప్యూటర్ వైపు తిరిగాడు. దవాఖానా పుస్తకాలు పద్నాలుగింటినీ 'ఇతరములు' నుంచి బయటికి తీసి కొత్త ఫోల్డరు తెరిచాడు. పేరు రాయవలసిన చోట ఆగాడు.

"మేడమ్, దీనికి ఏం పేరు పెట్టమంటారు?"

సుంకులమ్మ గారు గుమ్మం దగ్గరికి వెళ్ళి కిందికి చూశారు.

"ఆయన్నడుగు" అన్నారు. "ఇంకా మెట్లు దిగుతూనే ఉన్నాడు."