మొదటి మూడు రోజులు

త్రినాథ్‌కి తల తిరిగిపోతోంది. తప్పు తనదో, తక్కెడదో, ఆ పాడు మసి జిడ్డుదో తేలడం లేదు.

పని చూడబోతే చిన్నదే. ఇటుక బట్టీ పొగగొట్టంలోంచి గీకి తెచ్చిన జిడ్డు ఎంత జోరుగా ఆవిరై గాలిలో కలుస్తుందో కొలవాలి. దాన్ని బట్టే దాని ఆవిరి పీడనం తెలుస్తుంది. చీరల పెట్టెలో కలరా ఉండ తరిగిపోతుందే, అలాంటిదే. మూతకి సూది బెజ్జమున్న చిన్న డబ్బాలో జిడ్డు వేసి, గాలి తీసేసిన గాజు కుండలో ఒకే వేడి మీద ఉంచి, రోజూ తూచాలి. ఎంత తగ్గితే అంత ఎగిరిపోయినట్టు.

సరిచూసుకోవడానికి కలరా ఉండ ముక్క వేస్తే రోజూ ఒక్కలాగే తగ్గింది. జిడ్డు మాత్రం మొదటి రోజు ఎనిమిది పాళ్ళు తగ్గి, రెండోనాడు అయిదు, మూడోనాడు మూడు, ఆ తర్వాత రోజూ ఒక్కటే తగ్గింది. కొత్త జిడ్డుతో నాలుగుసార్లు మళ్ళీ మొదటినుంచి చేశాడు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

సోమవారానికి నివేదిక ఇవ్వాలి. బట్టీని ఆనుకుని కూలీలు వేసుకున్న పాకలు దూరం జరపాలా వద్దా అన్నది దాన్ని చూసే అధికారులు తేలుస్తారట. వాళ్ళకి కావలసింది ఒక్క అంకె.

చివరికి త్రినాథ్ ఎర్ర సిరాతో మొదటి మూడు అంకెలూ కొట్టేసి, పుస్తకం తనకీ పని అప్పగించిన రామజోగి మాస్టారి ముందు పెట్టాడు.

"మొదట్లో కుదురుగా లేదు మాస్టారూ. నాలుగో రోజు నుంచి నిలకడగా ఉంది. ఒకటి అని రాసేస్తాను. అంత భయపడాల్సిందేం లేదు."

"వాసన?"

"మొదటి రోజు డబ్బా తెరిస్తే కళ్ళు మండాయి. ఇప్పుడు అసలేమీ లేదు."

మాస్టారు పుస్తకం మూసి అతని చేతికే ఇచ్చారు. "చెప్పులేసుకో" అన్నారు.

ఇద్దరూ బట్టీకి వెళ్ళే బస్సెక్కారు. తిట్టినా బాగుండుననిపించింది త్రినాథ్‌కి. అభిషేకానికి వచ్చినవాడిలా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నారాయన.

బట్టీ దగ్గర మంట వేసే గవరయ్య మాస్టారిని చూసి నవ్వుతూ దిగి వచ్చాడు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఉన్నాడు. పొద్దుట ఉతికి కట్టిందేనట, అప్పుడే నల్లబడింది.

"ఆ తువ్వాలొకసారి ఇస్తావా గవరయ్యా?"

గవరయ్య బిడియపడుతూ విప్పి ఇచ్చాడు. మాస్టారు దాన్ని త్రినాథ్ చేతిలో పెట్టారు. ఏం చెయ్యాలో తెలియక త్రినాథ్ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అదే వాసన. మొదటి రోజు డబ్బాలోది. గొంతులో కారం కొట్టినట్టయి, దగ్గుతూ అక్కడే చతికిలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

గవరయ్య గాభరాపడి నీళ్ళ చెంబు తెచ్చాడు. "కొత్తోళ్ళకి అలాగే ఉంటాది బాబూ. నాలుగు దినాలు పోతే ఏటీ తెలీదు."

"నీకు తెలియడం లేదా?" అన్నాడు త్రినాథ్, కళ్ళు తుడుచుకుని.

"ఆరేళ్ళయిపోనాది. నాకేటి తెలుస్తాది?" అంటూ గవరయ్య పక్కకి తిరిగి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. పాక గుమ్మంలో చంటిపిల్లనెత్తుకున్న అతని కూతురు కూడా దగ్గుతోంది. బట్టీలో మంట ఆగలేదు, పొగ కొత్తగా వస్తూనే ఉంది.

మాస్టారు తువ్వాలు మడిచి గవరయ్యకి ఇచ్చేశారు.

"ఏం త్రినాథ్, నీ డబ్బాకి కూడా నాలుగో రోజుకి అలవాటైపోయిందా, లేక ఘాటైనదంతా మొదటి మూడు రోజుల్లోనే ఎగిరిపోయి మడ్డి మిగిలిందా?"

త్రినాథ్ కూర్చున్నచోటే సంచీలోంచి పుస్తకం తీసి, ఎర్ర గీతల పక్కన ఆ మూడు అంకెలూ మళ్ళీ రాశాడు.